టబ్బులో మరిచిపోయిన తాబేలుని తెచ్చుకుంటే: మొదటి రోజు నుంచి ఏడాది దాకా ఏం చేయాలి

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉండే ఆంటీ వాళ్ల వాష్ ఏరియాలో, వాషింగ్ మెషిన్‌కీ గోడకీ మధ్య ఒక నీలం రంగు బేసిన్ ఉండేది. అందులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, చుట్టూ నాచు, మధ్యలో ఒక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. ఆ చెట్టు కింద అరచేయంత తాబేలు, కళ్లు రెండూ ఉబ్బి మూసుకుపోయి ఉంది. నాలుగేళ్ల కిందట ఎవరో వాస్తుకి మంచిదంటే రూపాయి బిళ్లంత పిల్లని కొన్నారట. వాళ్లబ్బాయి హాస్టల్‌కి వెళ్లాక దాన్ని పట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు. "తీసుకెళ్లమ్మా, పాపం. రోజుకి నాలుగు గింజలు వేస్తే చాలు, దానికింకేం అక్కర్లేదు" అన్నారు ఆంటీ. ఆమె చెడ్డ మనిషేం కాదు. షాపులో ఆమెకి చెప్పి పంపింది అదే మాట.

ఇంటికి తేగానే నేను చేసిన మొదటి పని తిండి పెట్టడం. మొదటి తప్పు కూడా అదే. మనింటికి ఎవరొచ్చినా ముందు "తిన్నారా?" అని అడగడం మనకి అలవాటు. తాబేలు విషయంలో ఆ మర్యాద పనికిరాదు. దాని ఒంటికి సొంత వేడి ఉండదు. చుట్టూ ఉన్న నీళ్లు, గాలి ఎంత వెచ్చగా ఉంటే ఒళ్లూ అంతే వెచ్చగా ఉంటుంది. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు తిన్నది అరగదు, కడుపులోనే కుళ్లుతుంది. అందుకే ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. ఈ వరస తప్పకపోతే సగం పని అయినట్టే. అయితే వీటన్నిటికన్నా ముందు ఒక సంగతి తేల్చుకోవాలి.

మొదటి మెట్టు: అది ఏ తాబేలో చూడండి

మనం అన్నిటినీ తాబేలు అనే అంటాం గానీ చట్టం దృష్టిలో వాటికి చాలా తేడా ఉంది. డిప్ప గుమ్మటంలా ఎత్తుగా, నల్లటి పలకల మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని, కాళ్లు ఏనుగు కాళ్లలా మొద్దుగా ఉంటే అది నక్షత్ర తాబేలు. డిప్ప బల్లపరుపుగా, తోలు కప్పినట్టు మెత్తగా, ముక్కు గొట్టంలా పొడుచుకొచ్చి ఉంటే మన చెరువుల్లో ఉండే మెత్త డిప్ప తాబేలు. ఈ రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. నక్షత్ర తాబేలు 2022 సవరణతో ఆ షెడ్యూల్లోకి చేరింది. సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటి షెడ్యూల్ జంతువుల కేసుల్లో మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. కొన్నారా, ఉచితంగా తెచ్చుకున్నారా, జాలిపడి చేరదీశారా అన్నది చట్టం చూడదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లని చూసొచ్చి, ఇంట్లోనూ ఒకటుంటే బాగుంటుందనుకునేవాళ్లు నాకు తెలుసు. అది మనం ఇంట్లో ఉంచుకునేది కాదు. అలాంటిది ఎవరైనా ఇవ్వబోతే చేతులోకి తీసుకోకుండా, అటవీ శాఖకి అప్పగించమని వాళ్లకే చెప్పండి. దారి తెలియకపోతే తోడు వెళ్లండి.

ఇక ఆఫ్రికా నుంచి వచ్చిన సల్కాటా. గోధుమ రంగు డిప్ప, ముందు కాళ్ల మీద ముళ్లలాంటి పొలుసులు ఉండే మెట్ట తాబేలు ఇది. పెరిగితే 40 కిలోలు దాటుతుంది. ఇలాంటి విదేశీ జంతువుల్ని ఉంచుకోవాలంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయించాలి. పాత యజమాని దగ్గర ఆ కాగితం ఉందో లేదో ముందే అడగండి, చేతులు మారినప్పుడు ఏం చేయాలో అటవీ శాఖలో కనుక్కోండి. అమెరికాలో ఉండే మనవాళ్ల సంగతి వేరు. అక్కడ రాష్ట్రానికో రూలు. ఉదాహరణకి ఆరిజోనాలో, అడవికి తిప్పి పంపలేని ఎడారి తాబేళ్లని రాష్ట్ర వన్యప్రాణి శాఖే దత్తత ఇస్తుంది.

మన ఊళ్లలో అపార్ట్‌మెంట్ టబ్బుల్లో ఎక్కువగా కనిపించేది మాత్రం రెడ్ ఇయర్డ్ స్లైడర్. కంటి వెనక ఎర్రటి చార, ఒంటి మీద ఆకుపచ్చ పసుపు గీతలు, వేళ్ల మధ్య పొర. అమెరికాలో మిసిసిపీ నది పరీవాహకం దీని పుట్టిల్లు. ముసలి మగవాటికి ఒళ్లు నల్లబడి ఎర్ర చార కూడా మాసిపోతుంది, అప్పుడు పోల్చుకోవడం కష్టం. అనుమానం ఉంటే ఫొటో తీసి పశువైద్యుడికి చూపించండి. నేను తెచ్చింది ఈ రకమే. ఇక్కడి నుంచి చెప్పేదంతా దీని గురించే.

రెండో మెట్టు: తెచ్చుకునే ముందు లెక్క వేసుకోండి

రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు అమ్మే ఈ తాబేలు, ఆడదైతే అడుగు దాకా పెరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే 30 ఏళ్లు బతకడం వింతేం కాదు. (హైదరాబాద్ జూలో 2024 మార్చిలో చనిపోయిన గలపాగోస్ తాబేలుకి 125 ఏళ్లు. మీది అంతకాలం ఉండదు గానీ మీ పిల్లల పెళ్లిళ్లు చూసే అవకాశం ఉంది.) బల్బులు, హీటర్, ఫిల్టర్, పెద్ద టబ్బు కలిపి నాకు మొదట్లో ఏడు వేల దాకా అయింది, డాక్టర్ ఖర్చు వేరు. తాబేలు ఉచితమే, దాని ఎండే ఖరీదు.

ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, కీమో లాంటి చికిత్స తీసుకునేవాళ్లు, బాగా పెద్దవాళ్లు ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పైకి ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా మనుషులకి కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాని మోస్తూ ఉండొచ్చు. నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లోనే ఆపేసింది ఈ కారణంతోనే, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటున్నారని.

పాత యజమానిని మాత్రం మొహమాటపడకుండా అడగాలి. ఎన్నేళ్లది? ఏం తినేది? చివరిసారి ఎప్పుడు తింది? ఎండ ఎప్పుడైనా తగిలిందా? మందులేమైనా వేశారా? ఇంకో తాబేలు ఉండి చనిపోయిందా? నిలదీసినట్టు అడిగితే నిజం చెప్పరు. "అలవాటు మార్చకూడదని అడుగుతున్నానండీ" అంటే అన్నీ చెబుతారు. ఎండు రొయ్యల డబ్బా ఒక్కటే తిందని, ఎండ మొహమే చూడలేదని, రెండో తాబేలు మొదటి ఏడాదే పోయిందని ఆంటీ నాకు చెప్పింది అలాగే.

మూడో మెట్టు: తీసుకొచ్చే రోజు

నీళ్లలో పెట్టి మోయకండి. బండి కుదుపులకి బోర్లాపడితే, నీరసంగా ఉన్నది తిరగబడలేక మునిగిపోతుంది. గాలి ఆడే అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో తడి తువ్వాలు పరిచి, పైన ఒక మడత కప్పి తెస్తే చాలు. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. పాత టబ్బు, పాత చెట్టు, పాత నీళ్లు తేకండి. ఇంట్లో ఇప్పటికే తాబేలు ఉంటే కొత్తదాన్ని కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే మగ్గు, వేరే స్పాంజితో ఉంచాలి.

నాలుగో మెట్టు: మొదటి మూడు రోజులు తిండి సంగతి మరిచిపోండి

ఒక మోస్తరు టబ్బు తీసుకుని దాని డిప్ప ఎత్తుకి సగం దాకా గోరువెచ్చని నీళ్లు పోయండి. మెడ చాపితే ముక్కు తేలిగ్గా పైకి రావాలి, ఈదాల్సిన అవసరం ఉండకూడదు. నీటి వేడి 27, 28 డిగ్రీలు ఉండాలి. చేతితో చూసి అంచనా వేయకండి, అక్వేరియం షాపుల్లో థర్మామీటర్ చవకగానే దొరుకుతుంది. టబ్బులో ఒక పక్క పొడిగా ఎత్తుగా ఉండే చోటు, దాని పైన 32 నుంచి 35 డిగ్రీల వేడి వచ్చేలా ఒక బల్బు. రాత్రి బల్బు ఆపేయండి, చీకటి కావాలి. చలికాలమైతే నీళ్లలో హీటర్ రాత్రంతా ఉండాల్సిందే.

ఎక్కువమంది మరిచిపోయేది, కానీ ఎప్పటికీ పనికొచ్చేది తూకం. వంటింటి డిజిటల్ కాటా ఒకటి దానికే కేటాయించండి (మళ్లీ అందులో పిండి తూచకండి). మొదటి రోజు మా తాబేలు పొడవు 12 సెంటీమీటర్లు, బరువు 228 గ్రాములు. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా అనిపించింది. ఆ అంకెని తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాశాను. పేరు కూడా ఆ రోజే పెట్టాం, కూర్మి అని. కూర్మానికి కూర్మి అని మా నాన్న అంటే అందరికీ నచ్చింది.

మొదటి రోజంతా కదిలించకండి. ఫొటోలు వద్దు, చుట్టాల పిల్లలకి చూపించడం వద్దు. నాలుగు వైపులా పేపరు అడ్డం పెడితే టెన్షన్ తగ్గుతుంది. రెండు మూడు రోజులు వెచ్చగా గడిచాక కాళ్లలో బలం తెలుస్తుంది. ఎత్తితే గాలిలో ఈదుతున్నట్టు నాలుగు కాళ్లూ ఆడిస్తుంది. తిండి మాట అప్పుడు.

ఐదో మెట్టు: తల నుంచి తోక దాకా చూడండి

మంచి వెలుతురులో, చేతులు కడుక్కుని, నేల మీద కూర్చుని చూడండి. జారి పడినా ఎత్తు నుంచి పడదు.

కళ్లు ఉబ్బి మూసుకుపోయి ఉంటే ఎక్కువసార్లు కారణం విటమిన్ ఎ లోపం. ఆ విటమిన్ తగ్గినప్పుడు కంటి చుట్టూ ఉండే గ్రంథుల లోపలి పొర మందమై, నాళాలు పూడుకుపోతాయి, లోపల చీములాంటిది గట్టిపడుతుంది. ఎండు రొయ్యలు మాత్రమే తిన్నవాటిలో ఇది మామూలు. చెవి ఉండే చోట బఠాణీ గింజంత గడ్డ కనిపించినా మూలం చాలాసార్లు ఇదే. తాబేలు చూసి తింటుంది. కన్ను తెరవలేనిది తిండి ముందున్నా తినదు, దాన్ని మొండితనం అనుకోకండి.

డిప్ప అంచుని బొటనవేలితో మెల్లగా నొక్కండి. రూపాయి బిళ్లంత పిల్లలకి కాస్త మెత్తదనం ఉంటుంది, నాలుగేళ్ల దానికి ఉండకూడదు. కూర్మి డిప్ప వెనక అంచు పాత ప్లాస్టిక్ మగ్గులా లొంగింది. ఎండలోని యూవీబీ కిరణాలు ఒంటికి తగిలితేనే విటమిన్ డి3 తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటబడుతుంది. ఎండ లేకపోతే ఒళ్లు తన ఎముకల్లోంచి, డిప్పలోంచి కాల్షియం తవ్వుకుని వాడుకుంటుంది. మెత్తబడటం, వంకరపోవడం, వెనక కాళ్లు ఈడ్వడం అన్నీ అందువల్లే.

డిప్ప మీద పలచటి, గాజు కాగితంలాంటి పొరలు ఊడితే కంగారు పడకండి, అది కుబుసం లాంటిదే. తెల్లగా, గుంటలు పడి, గోరు తగిలితే మెత్తగా ఉండి, వాసన వస్తే మాత్రం డిప్ప కుళ్లు. చిన్న మచ్చే అయితే బీటాడిన్‌ని నీళ్లలో పలచటి డికాషన్ రంగు వచ్చేదాకా కలిపి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, రెండు మూడు గంటలు పొడి వెచ్చటి చోట ఆరనిచ్చి నీళ్లలో వదలండి. అది డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా చేసే పని మాత్రమే. పసుపు కుంకుమ పూసి ఉన్నా, నెయిల్ పాలిష్‌తో బొట్టు పెట్టి ఉన్నా థిన్నర్ వాడకండి. గోరువెచ్చని నీళ్లు, పాత టూత్ బ్రష్ చాలు, మిగిలింది పొరతో పాటు ఊడుతుంది. కొబ్బరి నూనె రాస్తే మెరుస్తుంది గానీ దానివల్ల మేలేమీ లేదు.

ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి గాలి పీల్చడం, నీళ్లలో ఒక పక్కకి ఒరిగి తేలడం ఇవి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ గుర్తులు. ఇవి కనిపిస్తే ఆదివారం దాకా ఆగకండి. తోక కింద నుంచి ఎర్రటి కండ బయటికి వచ్చి లోపలికి పోకపోయినా, డిప్ప పగిలి రక్తం వచ్చినా అంతే.

ఆరో మెట్టు: సరైన డాక్టర్

కుక్కల్నీ పిల్లుల్నీ బాగా చూసే డాక్టర్ తాబేలుని కూడా చూడగలరని లేదు. నేను మొదట వెళ్లిన ఒక క్లినిక్‌లో కుక్కలకి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ తీశారు, పురుగులుంటాయని. ఆ మందు తాబేళ్లకి విషం, పక్షవాతం వచ్చి చనిపోతాయి. ముందు రోజు రాత్రి చదవబట్టి ఆపగలిగాను. విటమిన్ ఎ ఇంజెక్షన్ కూడా రెండంచుల కత్తి. మోతాదు మించితే చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకే ఫోన్లోనే అడగండి: "తాబేళ్లని ఇంతకు ముందు చూశారా? ఎక్స్‌రే తీయగలరా?" రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. కుక్కలు, పిల్లులు కాని పెంపుడు జంతువుల్ని ఎవరు చూస్తారో అక్కడ వాకబు చేస్తే దారి దొరుకుతుంది.

వెళ్లేటప్పుడు నోట్‌బుక్, పాత టబ్బు ఫొటో, అది వేసిన తాజా మలం ఒక చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. మలం పరీక్షలో పురుగులు కనిపించాకే పురుగుల మందు. మాకు ఎక్స్‌రేలో ఎముకలు వెలిసిపోయినట్టు కనిపించాయి. కాల్షియం మందు, తక్కువ మోతాదులో విటమిన్ ఎ, కళ్లకి చుక్కలు రాశారు. మెడికల్ షాపులో మనుషుల విటమిన్ చుక్కలు కొని సొంత వైద్యం చేయకండి.

ఏడో మెట్టు: అసలు ఇల్లు

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. డిప్ప పొడవు అంగుళానికి 38 లీటర్ల నీళ్లు అని పెంచేవాళ్లు ఒక లెక్క చెబుతారు. ఐదు అంగుళాల తాబేలుకి 190 లీటర్లు. గాజు అక్వేరియమే కొనక్కర్లేదు. ప్లాస్టిక్ సామాన్ల షాపులో దొరికే పెద్ద టబ్బు, అడ్డంగా కోయించిన పాత నీళ్ల ట్యాంక్, డాబా మీదైతే సిమెంటు తొట్టి, ఏదైనా పర్వాలేదు. కొత్త సిమెంటు తొట్టి అయితే రెండు మూడు వారాలు నీళ్లు నింపి పారబోస్తూ సున్నం ఘాటు పోయాకే వాడాలి. 190 లీటర్లంటే 190 కిలోలు, బాల్కనీ అంచున కాకుండా గోడ వారగా పెట్టండి. అంచు నీటి మట్టం కన్నా జానెడు పైకి ఉండాలి. తాబేలు నెమ్మదిగా నడుస్తుందనేది కథల్లో మాట, గోడలెక్కడంలో వీటికి సిగ్గూ భయం లేవు.

నీళ్లకి బయట ఎండకాగడానికి ఒక అరుగు కావాలి. నాలుగు ఇటుకలు, పైన ఒక కడప బండ ముక్క. నల్ల బండ కాబట్టి వేడి బాగా పట్టి ఉంచుతుంది. నేను మొదట నున్నటి వైపు పైకి పెట్టాను. కూర్మి ముందు కాళ్లు రెండూ బండ మీద వేసేది, వెనక కాలు అంచుకి తగిలించేది, గోళ్లు గీరుకుంటూ జర్రున జారి నీళ్లలో పడేది. తుడుచుకున్నట్టు మొహం మీద కాలు రాసుకుని మళ్లీ మొదలెట్టేది. అలా పదకొండు సార్లు లెక్కపెట్టాక నాకు బుద్ధొచ్చింది. బండ తిప్పి గరుకు వైపు పైకి పెట్టి, ఒక అంచు నీళ్లలో మునిగేలా వాలుగా వేశాను. పన్నెండోసారి ఎక్కి, నాలుగు కాళ్లూ చాపి, మెడ బయట పడేసి గంటన్నర కదల్లేదు.

ఆ బండ పైన రెండు దీపాలు. ఒకటి వేడి కోసం, మామూలు హాలోజన్ బల్బు. రెండోది యూవీబీ ట్యూబ్. రెండూ ఒకటి కాదు. షాపుల్లో "టర్టిల్ లైట్" అని అమ్మే నీలం లైట్లు చాలావాటిలో యూవీబీ ఉండదు, ప్యాకెట్ మీద యూవీబీ 5 శాతమో 10 శాతమో అని రాసి ఉంటేనే కొనండి. దూరం ఎంత ఉండాలో కూడా దాని మీదే ఉంటుంది. వెలుగు వస్తున్నంత మాత్రాన యూవీబీ వస్తున్నట్టు కాదు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు ట్యూబ్ మార్చాలి. రోజుకి 10 నుంచి 12 గంటలు వెలిగితే చాలు. దీపాల్ని క్లిప్పుకి వదిలేయకుండా గొలుసుతో పైన కొక్కేనికి కట్టండి. నీళ్లలో పడితే తాబేలుకే కాదు, తీయబోయిన మనకీ ప్రమాదం. హీటర్‌కి ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, లేకపోతే డిప్పతో గుద్ది గాజు పగలగొడుతుంది. నీళ్లలో చేయి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేయండి.

దీపం కన్నా ఎండ వెయ్యి రెట్లు మేలు, అదీ మన దగ్గర బోలెడంత ఉచితం. వేసవిలో ఉదయం 7 నుంచి 8, చలికాలంలో 9 నుంచి 11 మధ్య అరగంట సరిపోతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, గాజు యూవీబీని ఆపేస్తుంది. ఎండలో పెట్టినప్పుడు టబ్బులో సగం తప్పకుండా నీడ ఉండాలి, మీరు పక్కనే ఉండాలి. కాకులు, గద్దలు, పిల్లులు ఒక కారణం. రెండోది, మే నెలలో చిన్న టబ్బులో నీళ్లు పావుగంటలో కాగిపోతాయి, లోపల ఉన్నది పారిపోలేదు. వేసవిలో నీటి వేడి 30 దాటుతుంటే టబ్బుని నీడకి మార్చి, చుట్టూ తడి గోనెసంచి కట్టండి. శీతాకాలంలో హైదరాబాద్, ఆదిలాబాద్ రాత్రులకి హీటర్ తప్పదు. తీరంలో ఉన్నవాళ్లకి ఆ బాధ తక్కువ.

తాబేలు నీళ్లలోనే తిని, నీళ్లలోనే విసర్జిస్తుంది. అందుకే చేపలకి చాలే ఫిల్టర్ చాలదు, మీ నీటికి రెండింతలు శుభ్రం చేయగల ఫిల్టర్ కొనండి. అది ఉన్నా వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చాలి. ఫిల్టర్ లేకపోతే రెండు రోజులకోసారి సగం. మున్సిపల్ నీళ్లయితే ముందు రోజు బకెట్లలో పట్టి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. ఈ నీళ్లు పూలమొక్కలకి పోయండి, కొత్తిమీర కుండీకి మాత్రం వద్దు. టబ్బు సామాన్లు వంటింటి సింక్‌లో కడగొద్దు. తాబేలుని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. మా ఇంట్లో మొదట్లో ఇది ఎవరికీ గుర్తుండేది కాదు. సబ్బు డబ్బా టబ్బు పక్కనే మేకుకి వేలాడదీశాక అలవాటైంది.

బలం వచ్చేకొద్దీ నీటి లోతు పెంచండి. ఆరోగ్యంగా ఈదే తాబేలుకి డిప్ప పొడవుకి ఒకటిన్నర రెట్ల లోతైనా ఉండాలి. అప్పుడే కండ పట్టేది.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు తిండి

మాడిన కడుపుకి ఒకేసారి విందు వద్దు. నాలుగో రోజు నుంచి గోళీకాయంత, రోజు విడిచి రోజు. ఈ తాబేలు నీళ్లు లేకుండా మింగలేదు, అందుకే నీళ్లలోనే వేయాలి. మొదటి వారం పది రోజులు తినకపోయినా, చురుగ్గా ఉండి బరువు తగ్గకపోతే భయం లేదు.

పిల్లలు ఎక్కువగా మాంసాహారం, పెద్దయ్యేకొద్దీ ఆకులు అలములు. మంచి కంపెనీ తాబేలు పెల్లెట్లు (గింజల్లా ఉండే తయారు తిండి) ఆధారం అనుకోండి. తాబేలు తలకాయంత పరిమాణం ఒక పూట తిండి, చిన్నదానికి రోజూ, పెద్దదానికి రోజు విడిచి రోజు. దాని పక్కన ఆకులు రోజూ ఉండొచ్చు: మునగాకు, ముల్లంగి ఆకు, మందార ఆకులు పూలు, లెట్యూస్. తురిమిన క్యారెట్, గుమ్మడికాయ, నారింజ రంగు చిలగడదుంప విటమిన్ ఎ కోసం. గుర్రపుడెక్క తింటుంది గానీ మూసీలోంచో హుస్సేన్ సాగర్‌లోంచో తెచ్చి వేయకండి, ఆ నీళ్లలోని దరిద్రమంతా ఆకులోకి ఎక్కి ఉంటుంది. మనకెంత ప్రాణమైనా గోంగూర దానికి వద్దు. గోంగూర, పాలకూర, తోటకూరల్లో ఉండే ఆక్సలేట్లు కాల్షియంని పట్టేసి ఒంటికి అందనివ్వవు. డిప్ప మెత్తబడిన దానికైతే అసలే కూడదు.

వారానికోసారి పెంకుతో సహా ఒక చిన్న రొయ్య, లేదా మందులు కొట్టని మట్టిలో దొరికిన వానపాము. అన్నం, బ్రెడ్డు, పాలు, మరమరాలు, ఉప్పూ కారం తగిలినవేవీ వద్దు. గుడి కోనేట్లో అందరూ వేస్తున్నారని మనమూ వేస్తాం, అక్కడి వాటికీ అది మంచిది కాదు. ఎండు రొయ్యల డబ్బా పారేయక్కర్లేదు, పది రోజులకోసారి చిరుతిండిలా వాడుకోండి.

కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క నీళ్లలో వేసి ఉంచండి. పక్షుల షాపుల్లోనూ, ఆయుర్వేద మూలికల కొట్లలోనూ దొరుకుతుంది. వెనకున్న గట్టి పెంకు చాకుతో తీసేయాలి. తాబేలు తనకి కావాల్సినప్పుడు కొరుక్కుంటుంది, ముక్కు అంచు కూడా అరుగుతుంది.

ఇక ఎదురుచూడటం

కూర్మి ఎడమ కన్ను తెరుచుకుంది పంతొమ్మిదో రోజున, కుడిది ఇంకో వారానికి. ఆ మధ్యలో రోజూ అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టడం, చుక్కలు వేయడం తప్ప నేను చేసిందేమీ లేదు. డిప్ప అంచు గట్టిపడటానికి ఐదు నెలలు పట్టింది. పడ్డ వంకర మాత్రం పోలేదు, పోదు కూడా. ఎవరైనా "డిప్ప సరిచేసే ఆయిల్" అమ్మితే నమ్మకండి.

ప్రతి ఆదివారం తూకం. 228, 225, 226, 231. మొదటి నెల అంకెలు ఇలాగే అటూ ఇటూ ఊగుతాయి. పదో నెలకి 340 దాటింది. ఎప్పుడైనా పదో వంతు బరువు తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. కాళ్ల దగ్గర కండ డిప్పలోంచి పొంగి బయటికి వస్తుంటే తిండి ఎక్కువైందని అర్థం. జాలితో ఎక్కువ పెట్టి ఇంకో జబ్బు తెచ్చేవాళ్లూ ఉన్నారు, నేనూ ఒక నెల ఆ దారిలోనే వెళ్లాను.

ముందు కాళ్ల గోళ్లు బాగా పొడుగ్గా, తోక లావుగా ఉంటే మగది. కూర్మి గోళ్లు పొట్టి, అంటే ఆడది. ఆడవి మగ తోడు లేకపోయినా పెద్దయ్యాక గుడ్లు పెడతాయి, వాటిలోంచి పిల్లలు రావు. టబ్బు గోడలు గీరుతూ, తిండి మానేసి, బయటికి రావాలని తెగ పెనుగులాడుతుంటే జానెడు లోతు తడి ఇసుక, మట్టి కలిపిన పెట్టెలో వదలండి. నేల దొరక్కపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి ప్రాణం మీదకొస్తుంది. ఒంటరిగా ఉందని ఇంకోదాన్ని తేకండి, వీటికి తోడు అక్కర్లేదు, తోకలూ కాళ్లూ కొరుక్కుంటాయి.

ఎప్పుడో ఒకప్పుడు చూసుకోలేని పరిస్థితి రావచ్చు. అప్పుడు కూడా చెరువులో, గుడి కోనేట్లో, కాలవలో వదలకండి. ప్రపంచంలో అత్యంత చేటు చేసే 100 చొరబాటు జాతుల జాబితాలో ఈ తాబేలు ఉంది. ఎండకాగే చోట్లనీ తిండినీ ఆక్రమించి స్థానిక తాబేళ్లని పక్కకి నెట్టేస్తుంది. గువాహటిలో ఉగ్రతార గుడి కోనేట్లో కూడా ఇవి కనిపించాయి. పుణ్యమనుకుని వదిలినవే అయ్యుంటాయి. జంతు సంక్షేమ సంస్థల్ని, పెంచుతున్నవాళ్లని అడిగి చేతికి చేయి మార్చండి, ఈ నోట్‌బుక్‌తో సహా. వాస్తు కోసమే అయితే ఇత్తడి తాబేలు కొనుక్కోవడం మేలు, దానికి యూవీబీ ఖర్చు లేదు.

ఊరెళ్లాల్సి వస్తే పెద్ద తాబేలు నాలుగైదు రోజులు తిండి లేకుండా హాయిగా ఉంటుంది. అసలు గండం కరెంటు పోవడం, లేదంటే చూడమన్నవాళ్ల అతి ప్రేమ. దీపాలకి టైమర్ పెట్టి, తాళాలు నాలుగో అంతస్తు ఆంటీకే ఇచ్చి, సంక్రాంతికి మేం ఊరెళ్లాం. టబ్బు మీద అంటించిన కాగితంలో ఇలా ఉంది:

"ఆంటీ, పొద్దున ఒకసారి చూడండి చాలు. థర్మామీటర్ 24 కన్నా తగ్గితే నాకు ఫోన్ చేయండి. ముట్టుకుంటే సబ్బు పక్కనే ఉంది. తిండి వేయొద్దు. మిమ్మల్ని చూడగానే ఈదుకుంటూ వచ్చి నోరు తెరిచి అడుక్కుంటుంది. ఏమీ తిననట్టు మొహం పెడుతుంది. నమ్మొద్దు."